తోక తెగిన చోట కాళ్లు ఎందుకు మొలిచాయి?

తోకకప్ప తోక కోస్తే మళ్లీ తోకే వస్తుంది. అది ఈదడానికి తోకే కావాలి కాబట్టి అందులో పెద్ద వింతేమీ లేదు. కానీ 1992లో భువనేశ్వర్‌లోని ఉత్కళ్ విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు పరిశోధకులు 'నేచర్' పత్రికలో అచ్చువేసిన ఫొటోలు చూసి ప్రపంచంలోని జీవశాస్త్రజ్ఞులు కళ్లు నులుముకున్నారు. తోక కోసిన తోకకప్పల్ని కొంతకాలం ఎ విటమిన్ కలిపిన నీళ్లలో ఉంచితే, కొన్నిటికి తెగిన చోట తోకకు బదులు కాళ్లు మొలిచాయి. అవి కండ ముద్దలో, వంకర బొడిపెలో కావు. తొడ, పిక్క, పాదం ఉన్న వెనక కాళ్లు. కొన్నిటికి ఒకటి కాదు, అంతకంటే ఎక్కువే వచ్చాయి.

ఆ కప్ప కూడా మన నేల మీదదే. వానలు పడ్డప్పుడు బయటికొచ్చి, మిగతా ఏడాదంతా మట్టిలో దాక్కునే గుండ్రటి బొద్దు కప్ప. శాస్త్రీయ నామం యూపెరోడాన్ సిస్టోమా. పరిశోధనకు నాయకత్వం వహించిన ప్రియంవదా మహంతి హెజ్మాదీకి ఒడిస్సీ నర్తకిగానూ పేరుంది. నాట్యంలో కాలు ఎక్కడ పడాలో ముందే తెలియాలి. ఆమె ప్రయోగంలో తేలింది మాత్రం కాలు ఎక్కడ మొలవాలో శరీరానికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న.

పిండాభివృద్ధిని చదివేవాళ్లందరి ప్రశ్నా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ఒక్క కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఆ తర్వాత లెక్క మన చేతిలో ఉండదు. దాదాపు అన్ని కణాల్లోనూ ఉండేది ఒకే డీఎన్‌ఏ. ముక్కు కణం దగ్గరా మోకాలి కణం దగ్గరా ఉన్నది ఒకే పుస్తకం, చదివే పేజీలే వేరు. ఏ పేజీ చదవాలో తెలియాలంటే ముందు తానెక్కడుందో తెలియాలి. అడ్రసు తెలియనిదే పని తెలియదు.

ఇక్కడ మాటల గొడవ ఒకటుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో పిల్లల్ని కనడం ప్రత్యుత్పత్తి, పోయిన అవయవాన్ని మళ్లీ పెంచుకోవడం పునరుత్పత్తి. పత్రికల్లో ఈ రెండూ తరచూ ఒకటైపోతుంటాయి. పదాలుగా చూస్తే అది పొరపాటే. పిండం తొలిసారి చెయ్యి తయారుచేసుకోవడానికీ, పెద్దయిన జంతువు అదే చేతిని రెండోసారి పెంచుకోవడానికీ మధ్య మాత్రం మనం అనుకునేంత దూరం లేదు. వాడే జన్యువులు చాలావరకు అవే, పంపుకునే సంకేతాలూ అవే.

అడ్రసు ప్రశ్నకు తొలి గట్టి దెబ్బ జర్మనీలో పడింది. 1888లో విల్‌హెల్మ్ రూ అనే శాస్త్రవేత్త కప్ప గుడ్డు రెండు కణాలుగా చీలిన దశలో, ఒక కణాన్ని కాల్చిన సూదితో పొడిచి చంపాడు. మిగిలిన కణం నుంచి సగం పిండమే వచ్చింది. అంటే కుడివైపు ఎవరో ఎడమవైపు ఎవరో మొదటి చీలికలోనే తేలిపోతుందని ఆయన తేల్చేశాడు. మూడేళ్ల తర్వాత హాన్స్ డ్రీష్ అదే ప్రశ్నను సీ అర్చిన్ అనే ముళ్ల బంతిలాంటి సముద్రజీవి మీద వేశాడు. అయితే కణాన్ని చంపలేదు, రెండు కణాల్ని గట్టిగా కుదిపి విడదీశాడు. రెండు సగాలు రాలేదు. రెండు పూర్తి డింభకాలు వచ్చాయి, కాకపోతే పరిమాణం కొంచెం చిన్నది. రూ ప్రయోగంలో చచ్చిన కణం పక్కనే అంటుకుని ఉండిపోయింది. బతికిన కణం 'నా పక్కన ఇంకొకరున్నారు' అనుకుని తన సగం పనే చేసిందన్నది తర్వాత తేలింది. కణం తన అడ్రసును పుట్టుకతోనే తెచ్చుకోదు, ఇరుగుపొరుగును చూసి తెలుసుకుంటుంది.

డ్రీష్‌కు ఈ ఫలితం ఎంత అంతుపట్టలేదంటే, ఏ యంత్రాన్నీ రెండుగా కోస్తే రెండు యంత్రాలు కావు కాబట్టి జీవంలో భౌతికశాస్త్రానికి అందని శక్తేదో ఉందని నమ్మి, చివరికి ప్రయోగశాల వదిలేసి తత్వశాస్త్రంలోకి వెళ్లిపోయాడు. అంత గొప్ప ప్రయోగం చేసినవాడు అలా దారి మళ్లడం చూస్తే జాలేస్తుంది. ఇంకో ముప్ఫై ఏళ్లు ఓపిక పట్టి ఉంటే ఆ 'శక్తి' ఒక చిన్న కణజాలపు ముక్కలో దొరికేది.

ఆ ముక్కను పట్టుకున్నది ఫ్రైబర్గ్‌లో హాన్స్ స్పీమన్, ఆయన విద్యార్థిని హిల్డె మాంగోల్డ్. ఇప్పటి పరికరాలేవీ అప్పుడు లేవు. పిండాన్ని నొక్కి విడదీయడానికి స్పీమన్ పసిబిడ్డ వెంట్రుకతో ఉచ్చు చేసుకునేవాడు. హిల్డె తీసుకున్నవి సాలమాండర్ల జాతికి చెందిన న్యూట్ అనే చిన్న ఉభయచరాల గుడ్లు. ఒక జాతి పిండం లేత రంగు, ఇంకో జాతిది ముదురు రంగు. ఈ రంగుల తేడాయే ఆమెకు కొలబద్ద. పిండం బంతిలా ఉన్న దశలో ఒక చోట కణాలు లోపలికి ముడుచుకుపోవడం మొదలవుతుంది. ఆ ముడత పైఅంచు నుంచి చిటికెడు ముక్క తీసి, మరో పిండానికి పొట్ట కావాల్సిన వైపు అతికించింది. కొన్నాళ్లకు ఆ పిండం పొట్ట మీద రెండో పిండం మొలిచింది. దానికీ వెన్ను, వెన్నుపాము ఉన్నాయి.

ఇంతవరకు చదివితే ఇది అంటుకట్టిన కొమ్మ కథలా ఉంటుంది. రంగులు చూశాక కథ మారిపోయింది. రెండో పిండంలోని వెన్నుపాము చాలావరకు అతికించిన ముక్కది కాదు, అతిథికి చోటిచ్చిన పిండానిదే. పొట్ట చర్మం కావాల్సిన కణాలు కొత్త ముక్క చెప్పిన మాట విని వెన్నుపాముగా మారిపోయాయి. ఆ ముక్కకు స్పీమన్ 'ఆర్గనైజర్' అని పేరు పెట్టాడు. పెళ్లి పందిట్లో తను ఒక్క పనీ చెయ్యకుండా అందరి చేతా పని చేయించే పెద్దమనిషి ఒకడుంటాడే, ఇంచుమించు వాడు. వ్యాసం 1924లో వెలువడింది. అదే ఏడాది వంటింట్లో హీటరు పేలిన ప్రమాదంలో హిల్డె చనిపోయింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. 1935లో నోబెల్ బహుమతి స్పీమన్ ఒక్కడికే వచ్చింది. వందల గుడ్ల మీద కత్తి పెట్టిన చేతులు మాత్రం ఆమెవి.

ఆర్గనైజర్ పంపే సంకేతం ఏ రసాయనమో వెతకడానికి దశాబ్దాలు పట్టింది. మరో చోట అలాంటి పెద్దమనిషే ఇంకొకడు దొరికాడు. కోడిపిల్ల రెక్కలో మూడు వేళ్లుంటాయి. గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పిండంలో రెక్క మొగ్గ వెనక అంచు నుంచి కొన్ని కణాలు తీసి, ఇంకో పిండంలో రెక్క మొగ్గ ముందు అంచున పెడితే ఆరు వేళ్ల రెక్క వస్తుందని 1968లో సాండర్స్, గాసెలింగ్ చూపించారు. ఆ ఆరూ వరస క్రమంలో ఉండవు. అద్దంలో ప్రతిబింబంలా మూడు ఇటు, మూడు అటు. వెనక అంచు నుంచి ఏదో పదార్థం వ్యాపిస్తోందని, దానికి దగ్గరున్న కణం ఒక వేలుగా, దూరంగా ఉన్నది ఇంకో వేలుగా మారుతుందని లూయిస్ వోల్పర్ట్ వివరించాడు. అత్తరు సీసా మూత తీస్తే గదిలో ఏ మూల కూర్చున్నవాడికి ఎంత వాసన వస్తుందో, దాన్ని బట్టి తానెంత దూరంలో ఉన్నదీ చెప్పగలిగినట్టు.

ఆ అత్తరు ఏది? 1982లో షెరిల్ టికిల్ బృందం ఎ విటమిన్ నుంచి ఒంట్లో తయారయ్యే రెటినోయిక్ ఆమ్లాన్ని రెక్క మొగ్గ ముందు అంచున పెట్టి చూసింది. అచ్చం అద్దంలో బొమ్మలాంటి వేళ్లే వచ్చాయి. దొంగ దొరికాడని అందరూ అనుకున్నారు. అసలు దొంగ వేరే ఉన్నాడని 1993లో తేలింది. వెనక అంచు కణాలు నిజంగా విడుదల చేసేది ఒక ప్రొటీన్. దాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్, వీడియో గేమ్‌లో నీలం బొమ్మ పేరే. బయట నుంచి పెట్టిన రెటినోయిక్ ఆమ్లం ఆ జన్యువును తట్టి లేపుతోందంతే. ఒక పదార్థం పెడితే ఒక ఫలితం వచ్చినంత మాత్రాన శరీరం కూడా ఆ పని అలాగే చేస్తోందని అనుకోకూడదు. ఈ రంగంలో ఆ తప్పు రూ సూది నాటి నుంచీ జరుగుతూనే ఉంది.

అయినా ఎ విటమిన్ కథ అక్కడితో ముగియలేదు. నిజానికి అంతకు ముందే మన దేశంలోనే మొదలైంది. జైపూర్‌లో ఐ.ఎ. నియాజీ, ఎస్. సక్సేనా 1978లో గోదురుకప్ప పిల్లల కాళ్లు కోసి, ఎ విటమిన్ ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు తిరిగి వచ్చే కాళ్లు అపసవ్యంగా ఉంటున్నాయని రాశారు. ఆ వ్యాసం పోలండ్‌లోని క్రాకోవ్‌లో వచ్చే పత్రికలో పడింది. లండన్‌లోనో బోస్టన్‌లోనో పడి ఉంటే ఎంత సందడయ్యేదో చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ల తర్వాత మాల్కమ్ మేడెన్ ఆక్సొలాటల్ అనే మెక్సికో సాలమాండర్ మీద చేసిన ప్రయోగంతో విషయం స్పష్టమైంది.

ఆక్సొలాటల్ చెయ్యి మణికట్టు దగ్గర కోస్తే అరచెయ్యి, వేళ్లు వస్తాయి. మోచేతి పైన కోస్తే అక్కడి నుంచి కిందివన్నీ వస్తాయి. కోసిన చోటుకు కింద ఉండాల్సినవే వస్తాయి తప్ప పైవి రావు. ఇది తప్పని నియమం. ఎ విటమిన్ ఈ నియమాన్ని విరగ్గొట్టింది. మణికట్టు దగ్గర తెగిన చేతికి భుజం నుంచి వేళ్ల దాకా పూర్తి చెయ్యి మళ్లీ మొలిచింది. అంటే మణికట్టు చివర ఇంకో చెయ్యి వేలాడుతుంది. మణికట్టు కణాలు తమని భుజం కణాలుగా భావించాయి. వాటి అడ్రసు మారిపోయింది.

భువనేశ్వర్ ఫొటోలకు అర్థం ఇప్పుడు చెప్పుకోవచ్చు. తల నుంచి తోక దాకా ఏ భాగం ఏదో గుర్తుపట్టించే జన్యువుల కుటుంబం ఒకటుంది, వాటిని హాక్స్ జన్యువులంటారు. మనిషిలో ఇవి 39. క్రోమోజోము మీద ఇవి ఉన్న వరసలోనే ఒంట్లో తల నుంచి కిందికి పనిచేస్తాయి. ఈగలో వీటి బంధువు ఒకటి దారి తప్పితే తల మీద మీసం ఉండాల్సిన చోట కాలు వస్తుంది. రెటినోయిక్ ఆమ్లం హాక్స్ జన్యువుల మీటల్ని నొక్కగలదు. తెగిన తోక కణాలు ఆ దెబ్బకు తాము తోకలో లేము, మొండెం చివర ఉన్నామని అనుకున్నాయి. మొండెం చివర మొలవాల్సింది వెనక కాళ్లే. లండన్‌లో మేడెన్ ఇంకో జాతి కప్పతో చేసి చూసినప్పుడూ అదే జరిగింది.

జరాసంధుడి కథ ఇక్కడ గుర్తు రాకుండా ఉండదు. రెండు బద్దలుగా పుట్టినవాణ్ని జర అతికించింది. భీముడు చీల్చిన ప్రతిసారీ బద్దలు రెండూ వచ్చి అతుక్కున్నాయి. కృష్ణుడి సైగ చూసి భీముడు వాటిని తలకిందులుగా అటూ ఇటూ విసిరాకే చచ్చాడు. పురాణాల్లో సైన్స్ వెతికే అలవాటు మంచిది కాదు. కానీ ముక్క ముఖ్యమా, ముక్క ఏ వైపు తిరిగి ఉందన్నది ముఖ్యమా అన్న ప్రశ్న కథ చెప్పినవాడికి తట్టిందన్న మాట నిజం. ఆక్సొలాటల్‌లో ఈ పని నిజంగానే చేశారు. పెరుగుతున్న ఎడమ చేతి మొగ్గను తీసి కుడి మొండికి అతికిస్తే ముందు వెనకలు పొసగవు. అది చావదు. ఆ తగువు తీర్చుకోవడానికి పొసగని చోట్ల అదనపు చేతులు మొలుస్తాయి. పక్కపక్కన ఉండకూడని రెండు అడ్రసులు పక్కపక్కనే కనిపిస్తే, మధ్యలో ఉండాల్సిన ఇళ్లన్నీ కట్టుకుంటూ పోవడమే కణాలకు తెలిసిన పరిష్కారం.

తిరిగి పెరిగే చెయ్యి మొదట చూపులకు ఏమీ ఉండదు. గాయాన్ని ఒక రోజులోపే పలుచటి చర్మం కప్పేస్తుంది. దాని కింద కణాలు పోగై బ్లాస్టిమా అనే మొగ్గ తయారవుతుంది. ఆ చేతికి వెళ్లే నరాలు తెంచేస్తే మొగ్గ పెరగదు. గాయాన్ని శుభ్రం చేసే మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల్ని తీసేసినా పెరగదని 2013లో తేలింది, మచ్చ కట్టి ఊరుకుంటుంది. మొగ్గలోని కణాలు ఏదైనా కాగల సర్వసమర్థులని చాలాకాలం అనుకున్నారు. 2009లో ఎల్లీ తనాకా బృందం ఒక్కో రకం కణానికి వెలిగే గుర్తు పెట్టి చూస్తే అలా కాదని తేలింది. కండరం నుంచి వచ్చిన కణం కండరమే అయింది. కణాలు తమ కులాన్నే కాదు, ఊరిని కూడా మర్చిపోవు. చేతి వెనక అంచు కణాల్లో హ్యాండ్2 అనే జన్యువు జీవితాంతం కొద్దికొద్దిగా వెలుగుతూ ఉంటుందని, చెయ్యి తెగగానే అది సోనిక్ హెడ్జ్‌హాగ్‌ను లేపుతుందని, అది తిరిగి హ్యాండ్2ను నిలబెడుతుందని అదే బృందం 2025లో చూపించింది. అదే ఏడాది మరో బృందం భుజం, మణికట్టు తేడాను వివరించింది. మణికట్టు కణాల్లో రెటినోయిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైము ఎక్కువ, భుజం కణాల్లో తక్కువ. ఆ ఎంజైమును అడ్డుకుంటే మణికట్టు భుజంలా ప్రవర్తిస్తుంది. మేడెన్ 1982లో చూసిన వింతకు కారణం చెప్పడానికి నలభై మూడేళ్లు పట్టింది.

అడ్రసు మార్చగల పదార్థం కడుపులోని బిడ్డకు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 1933లో టెక్సాస్‌లో ఫ్రెడ్ హేల్ ఎ విటమిన్ లేని మేత పెట్టిన పందికి కనుగుడ్లు లేని పిల్లలు పుట్టాయి. తక్కువైతే అది. ఎక్కువైతే ఏమవుతుందో 1980లలో తెలిసింది. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ రెటినోయిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. గర్భంతో ఉన్నప్పుడు అది వాడిన తల్లులకు చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగా ఏర్పడని పిల్లలు పుట్టారు. గర్భం దాల్చడానికి కనీసం నెల ముందే ఆ మందు ఆపేయాలని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మొదలైన కార్యక్రమంలో ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల ఎ విటమిన్ తాగిస్తారు. ఆ సిరప్ ఎందరి కళ్లనో కాపాడింది. అదే డోసు గర్భిణికి ఇవ్వకూడదు. మందు ఒకటే, కానీ తయారైపోయిన ఒంటికీ ఇంకా తయారవుతున్న ఒంటికీ దాని అర్థం ఒకటి కాదు.

ఫోలిక్ ఆమ్లం సంగతి దీనికి భిన్నం. అది అడ్రసు చెప్పదు, డీఎన్‌ఏ తయారీకి ముడిసరుకు అందేలా చూస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందం దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది. పిండంలో వెన్నుపాము మొదట చదునైన రేకులా ఉండి, అంచులు పైకి లేచి గొట్టంలా మూసుకుంటుంది. ఫలదీకరణ జరిగిన 28 రోజులకల్లా ఈ పని అయిపోతుంది. చాలామందికి అప్పటికి గర్భమని కూడా తెలియదు. అంతకు ముందు ఒక బిడ్డలో ఈ గొట్టం సరిగా మూసుకోని లోపం వచ్చిన తల్లులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్లీ అదే లోపం వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష తేల్చింది. మూడో నెలలో మాత్ర మొదలుపెడితే ఈ ఒక్క పనికి మాత్రం అది ఆలస్యమే.

మరి మనకు చెయ్యి ఎందుకు మొలవదు? ప్రశ్న పూర్తిగా సరైంది కాదు, కొంత మొలుస్తుంది. పిల్లల వేలి కొస తెగినప్పుడు కుట్లు వేసి మూసేయకుండా శుభ్రంగా కట్టు కట్టి వదిలేస్తే, గోరుతో సహా కొస తిరిగి వస్తుందని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సింథియా ఇల్లింగ్‌వర్త్ 1974లో రాసింది. గోరు మొదలు దాటి తెగితే మాత్రం రాదు. కాలేయం కూడా పెరుగుతుందంటారు గానీ, అది కోసేసిన భాగాన్ని తిరిగి తయారుచేసుకోదు, మిగిలిన భాగమే లావెక్కుతుంది. గోడ మీది బల్లి కూడా మనం అనుకునేంత ఘనురాలు కాదు. దాని కొత్త తోకలో వెన్నుపూసలు ఉండవు, వాటి స్థానంలో ఒక మృదులాస్థి గొట్టం ఉంటుంది. పొడుగు కుదిరింది, అడ్రసులు కుదరలేదు.

కప్ప ఇందులో మధ్యరకం. తోకకప్పగా ఉన్నప్పుడు కాలు మళ్లీ పెంచుకుంటుంది, పెద్దయ్యాక ఆ విద్య మర్చిపోతుంది. ఆఫ్రికా కప్ప జెనోపస్ కాలు కోస్తే ఎముక లేని ముల్లులాంటి మొండి మాత్రమే వస్తుంది. 2022లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు తెగిన కాలికి జెల్ ఉన్న సిలికాన్ టోపీ తొడిగి, అందులో అయిదు మందులు కలిపి 24 గంటలు ఉంచి తీసేశారు. తర్వాత పద్ధెనిమిది నెలల పాటు కాలు పెరుగుతూనే ఉంది. ఎముక సాగింది, నరాలు వచ్చాయి, కప్ప ఆ కాలితో నీళ్లను తన్నగలిగింది. ఆ అయిదు మందుల్లో ఒకటి రెటినోయిక్ ఆమ్లం. కాలి చివర వేళ్లలాంటివి కూడా మొలిచాయి, కానీ వాటిలో ఎముక లేదు.